సగం స్పష్టతకు నా సంపూర్ణ మద్దతు

అన్నీ స్పష్టంగా కనిపించడం వల్ల ఈ లోకంలో ఎవరైనా సుఖపడ్డారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

ఉద్యోగంలో చేరిన రోజున మేనేజరు అసలు స్వరూపం స్పష్టంగా కనిపించి ఉంటే మీరు చేరేవారా? అద్దెకు దిగేటప్పుడు బాత్‌రూమ్ గోడ మీది చెమ్మ కనిపించి ఉంటే అడ్వాన్సు ఇచ్చేవారా? మనం కాపురాలు చేస్తున్నదీ, కొలువులు చేస్తున్నదీ మసక పుణ్యాన. అలాంటిది సినిమా డిస్కు దగ్గరకు వచ్చేసరికి మాత్రం హీరో కనుబొమల్లో ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపించాలని పట్టుబట్టడం ఏం న్యాయం?

విషయం తెలియని వారి కోసం రెండు ముక్కలు చెబుతాను. టీవీ మీద బొమ్మంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన సన్నటి గీతలు. గీతలు ఎన్ని ఎక్కువుంటే బొమ్మ అంత తేటగా ఉంటుంది. ఇన్నాళ్ళూ మార్కెట్లో ఉన్న హై డెఫినిషన్ డిస్కులో వెయ్యికి పైగా గీతలున్నాయి. దాని ఖరీదు కూడా అదే స్థాయిలో ఉంది. ఇప్పుడొక కంపెనీ ఆ గీతల్లో మూడో వంతు పీకేసి, మిగిలిన వాటిని నొక్కి, పిండి, ఒక నాసిరకం డిస్కులో కుక్కి, ధర సగం చేసి, ‘సాదా హెచ్‌డి’ అని పేరు పెట్టి దించింది. తగ్గించనివి ఒక్క హెచ్‌డి అన్న అక్షరాలే. పెట్టె మీద అవి పాత డిస్కు మీది కంటే పెద్దవిగానే ఉన్నాయి.

దీని మీద దేశం రెండుగా చీలిపోయింది. దేశమంటే మా తమ్ముడి షాపు.

మా తమ్ముడు డిస్కులు అమ్ముతాడు, అద్దెకిస్తాడు. పనిచేయని ప్లేయర్లను విప్పుతాడు కూడా. మళ్ళీ బిగించడం చేతకాక ముక్కల్ని కవర్లో వేసి, జాగ్రత్తగా తీసుకెళ్ళమని చెప్పి పంపుతాడు. అయినా జనం ఆ షాపు వదలరు, ఎందుకంటే అక్కడ కూర్చోవడానికి బెంచీ ఉంది, వాదించడానికి మనుషులున్నారు.

పాత, ఖరీదైన డిస్కును అక్కడ పెద్ద డిస్కు అంటారు. ఆ పార్టీకి నాయకుడు పళ్ళ డాక్టరు. హీరోయిన్ నవ్వితే అందరూ సొట్టబుగ్గలు చూస్తారు, ఆయన మాత్రం కింది వరసలో సిమెంటు నింపిన పన్ను చూస్తాడు. ఆ సిమెంటు ఎవరో చేతకానివాడు నింపాడని సినిమా మొత్తం బాధపడతాడు. సాదా డిస్కు వస్తే తనకు సినిమాల్లో చూడడానికి ఇంకేం మిగలదని ఆయన గోల.

సాదా పార్టీకి నాయకుడు టైలరు. ఆడవాళ్ళు పెద్ద డిస్కును మధ్యలో ఆపి, హీరోయిన్ డ్రెస్సు మెడ దగ్గర కుట్టు లెక్కపెట్టుకుని వచ్చి, అచ్చం అలాగే కావాలంటున్నారట. సాదా డిస్కులో ఎంత ఆపి చూసినా మెడ ఎక్కడ మొదలవుతుందో, డ్రెస్సు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. తన వృత్తికి ఇంత మేలు చేసిన కంపెనీ ఇంకొకటి లేదని టైలరు బల్ల గుద్ది చెప్పాడు.

నేను టైలరు పక్షాన నిలబడ్డాను. నాకు స్వార్థమేమీ లేదు, నాకు కుట్టు రాదు. సిద్ధాంతరీత్యా నిలబడ్డాను.

పెద్ద డిస్కు మా ఇంటికి చేసిన అన్యాయం చూడండి. ఒక చారిత్రక చిత్రం పెట్టుకున్నాం. వందల ఏళ్ళ నాటి మహారాజు కత్తి పైకెత్తాడు. ఆయన జబ్బ మీద టీకా మచ్చ! అంత స్పష్టంగా ఉన్నాక ఇంక యుద్ధం ఎవడు చూస్తాడు? మా ఇంట్లో చర్చంతా ఆ మచ్చ ఏ జబ్బుకు వేసిన టీకాదన్న దాని మీద నడిచింది. రాజు గెలిచాడో ఓడాడో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇంకొక సినిమాలో హీరోది కటిక దరిద్రం. చిరిగిన చొక్కా, తిండి లేదు, వానలో నిలబడి ఏడుస్తున్నాడు. మా ఆవిడ కొంగు కళ్ళ దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. వాడి గోళ్ళు చూసిందట. అంత శుభ్రంగా, నున్నగా కత్తిరించి, పాలిష్ పెట్టిన గోళ్ళు తనకు కూడా లేవంది. ఆ తర్వాత వాడు ఎంత ఏడ్చినా ఆమె మనసు కరగలేదు. మంచి ఏడుపు ఒకటి మాకు అలా దండగైపోయింది.

అంతటితో అయిందా? తెర మీది బంగళాలో గోడలు తళతళా మెరిసే కొద్దీ మా ముందు గది గోడలు మాసిపోవడం మొదలుపెట్టాయి. రంగు వేయించాం. రంగు వేసిన గోడ పక్కన సోఫా పాతబడింది. సోఫా మార్చాం. మార్చిన సోఫాలో కూర్చున్న నన్ను మా ఆవిడ ఒకసారి తేరిపార చూసింది. ఆ చూపుతో నాకు స్పష్టత మీద మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

కాబట్టి పాఠకులారా, సాదా డిస్కు అంటే నష్టం కాదు, దయ. కాలేజీ కుర్రాడి వేషం వేసిన నటుడి మెడ ముడతలను అది కప్పుతుంది. చచ్చి పడిపోయిన విలన్ పొట్ట ఊపిరికి ఎగిరెగిరి పడుతుంటే దాని మీద ఒక పల్చటి దుప్పటి పరుస్తుంది. మనుషులు ఒకరికొకరు చేయవలసిన పని అది చేస్తోంది.

ఈ సూత్రాన్ని డిస్కుల దగ్గరే ఎందుకు ఆపాలి? సాదా ఎక్స్‌రే తీసుకురండి. లోపల ఎముక ఉందని తెలిస్తే సరిపోదా, విరిగిందో లేదో అంత వివరంగా తెలుసుకుని ఎవరిని ఉద్ధరించాలి? సాదా లిఫ్టు పెట్టండి. ఎక్కాల్సిన ఎత్తులో మూడింట రెండు వంతులు ఎక్కి ఆగిపోతుంది. మిగతా మెట్లు ఎక్కితే సగటు మోకాలికి తేడా తెలియదు.

సగటు మోకాలు అన్నది నా సొంత మాట కాదు. కంపెనీ పెద్దమనిషి దగ్గర అరువు తెచ్చుకున్నాను. వాదన ముదిరి, రెండు పార్టీలూ బెంచీకి చెరో చివర కూర్చుని మాట్లాడుకోవడం మానేశాక, మా తమ్ముడు కంపెనీకి ఫోన్ చేశాడు. టై కట్టుకున్న ఒక నడివయసు పెద్దమనిషి చేతిసంచీతో దిగాడు. చల్లటి గొంతు, మెత్తటి నవ్వు. సగటు ఇంట్లో, సగటు సోఫాలో కూర్చున్న సగటు కంటికి ఈ రెండు డిస్కుల మధ్య తేడా తెలియదని ఆయన సెలవిచ్చాడు. కావాలంటే ఏదైనా ఇంట్లో వేసి చూపిస్తానన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఊళ్ళో అంతకన్నా సగటు ఇల్లు ఎవరికీ తోచలేదు.

తీర్పు ఎలా వస్తే అలా నడుచుకుంటానని మా తమ్ముడు మాటిచ్చాడు. తేడా లేదని తేలితే పెద్ద డిస్కులు తెప్పించడం మానేసి, అరలన్నీ సాదా డిస్కులతో నింపుతాడు. ఆ చుట్టుపక్కల ఇంకో డిస్కుల షాపు లేదు గనుక, మా ఇంటి ముందు గదిలో మేము చెప్పబోయే మాట మా అందరి సినిమాలకూ ఆఖరి మాట.

ఆదివారం మధ్యాహ్నం సభ తీరింది. కంపెనీ పెద్దమనిషి, మా తమ్ముడు, పళ్ళ డాక్టరు, టైలరు, నేను, మా ఆవిడ, మా అత్తయ్య.

అత్తయ్య అంటే మా ఆవిడ తల్లి. మా దగ్గరే ఉంటారు. కొన్నేళ్ళ క్రితం జ్వరమొచ్చి చెవులు పూర్తిగా పోయాయి. మిషన్ పెట్టించాం గానీ, అందులో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట వినిపించడం లేదని తీసి బీరువాలో పెట్టేశారు. ఆ తర్వాత ఎవరూ నేర్పకుండానే పెదవులు చదవడం పట్టుబడింది.

ఎంత పట్టుబడిందంటే, ఒకరోజు నేను వంటింటి గుమ్మంలో నిలబడి, కూరలో ఉప్పు లేదని మా ఆవిడతో గుసగుసగా గొణిగాను. ముందు గదిలోంచి జవాబొచ్చింది, ఉప్పు తగ్గించమన్నది తానేననీ, నా బీపీ కోసమేననీ. అప్పటి నుంచి నేను ఏం గొణగాలన్నా ఫ్రిజ్ వైపు తిరిగి గొణుగుతున్నాను. ఎదురింటి బాల్కనీలో భార్యాభర్తలు పళ్ళు బిగించి పోట్లాడుకున్నా అత్తయ్యకు మొత్తం అందుతుంది. బయటికి ఒక్క ముక్క పొక్కనివ్వరు. కాకపోతే ఆ సాయంత్రం ఎదురింటాయన నమస్కారానికి ప్రతి నమస్కారం ఉండదు.

సినిమాలంటే అత్తయ్యకు ప్రాణం. పెద్ద డిస్కు వచ్చాక ఆ ప్రాణం లేచొచ్చింది. టీవీ కొన్నప్పుడు తెర మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ పొరను మేము తీయలేదు, కొత్తదనం పోతుందని. అత్తయ్య మా ఇంటికి వచ్చిన మర్నాడే దాన్ని గోటితో గీకి బర్రున లాగేశారు. మా ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. తెరకు దగ్గరగా ఒక పేము కుర్చీ వేసుకుని, నటుల మూతుల మీద దృష్టి పెట్టి కూర్చుంటారు. డబ్బింగ్ సినిమా అయితే లేచి వెళ్ళిపోతారు, వాళ్ళ నోళ్ళు ఏ భాషో తిరుగుతుంటాయట. పెద్ద పెద్ద మీసాల నటులంటే అస్సలు గిట్టదు. అందరూ ఆకాశానికెత్తే ఒక హీరో గురించి, ఆ మీసం తీసేస్తే మంచి నటుడవుతాడని తేల్చేశారు.

తెర కింద అక్షరాలు వేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మన భాష సినిమాకు మన భాషలోనే అక్షరాలెందుకని డిస్కులవాళ్ళు వేయరట. మన భాష తెలిసి, చెవులు లేనివాళ్ళు ఉంటారన్న సంగతి వాళ్ళ సగటు లెక్కలోకి రాలేదు.

పరీక్షకు ఒక హాస్య చిత్రం పెట్టారు. వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు చెయ్యి చేసుకోకుండా, మాటలతోనే ఒకరినొకరు చితకబాదుకునే సినిమా. మొదటి సగం పెద్ద డిస్కులో చూశాం. గది దద్దరిల్లిపోయింది. అత్తయ్య అందరికంటే ముందు నవ్వారు, ఒకచోట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా. రెండో సగం సాదా డిస్కులో చూశాం. గది మళ్ళీ దద్దరిల్లింది.

కంపెనీ పెద్దమనిషి చేతులు కట్టుకుని ఒక్కొక్కరినీ అడిగాడు. టైలరు తేడా ఏమాత్రం లేదని, ఉన్నా చెప్పనని అన్నాడు. పళ్ళ డాక్టరు చాలాసేపు ఇబ్బందిపడి, సోఫాలోంచి చూస్తే పళ్ళున్నాయనే తెలుస్తోంది గానీ ఎవరు కట్టినవో తెలియడం లేదని, పళ్ళ సంగతి వదిలేస్తే మాత్రం పెద్ద తేడా లేదని ఒప్పుకున్నాడు. మా ఆవిడ కాఫీలు అందించే హడావుడిలో సగం సినిమా చూడలేదు, తేడా లేదంది. నాకు నిజంగానే తెలియలేదు, తెలియలేదనే చెప్పాను. సగటు కన్ను అన్న బిరుదు నిలబెట్టుకున్నందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

చివరికి ఆయన పేము కుర్చీ దగ్గరకు వచ్చాడు. మా తమ్ముడు పక్కనుంచి, “అత్తయ్యకి చెవులు వినిపించవండీ” అన్నాడు.

పెద్దమనిషి అయ్యోపాపం అన్నట్టు తల ఊపి, అడగకుండా వెనక్కి తిరిగాడు. అక్కడితో ఆగకుండా, వెళ్తూ వెళ్తూ ఆవిడ వైపు వంగి, గోడలు అదిరేలా, “కాఫీ చాలా బాగుందమ్మా” అని అరిచాడు. కాఫీ కలిపింది మా ఆవిడ.

గమనించారా? ఆయన పరీక్షించడానికి వచ్చింది బొమ్మని. ఆ గదిలో బొమ్మ మీదే ఆధారపడి సినిమా చూసే మనిషి ఒక్కరే ఉన్నారు. మేమంతా చెవులతో చూసి, కళ్ళతో సాక్ష్యం చెప్పాం. ఆ ఒక్క మనిషినీ మాత్రం, చెవులు లేవు కాబట్టి బొమ్మ గురించి అడగక్కర్లేదని వదిలేశారు! ఇంత పకడ్బందీ పరీక్ష నేను నా జన్మలో చూడలేదు.

ఏకగ్రీవంగా తీర్పు వచ్చింది. మా తమ్ముడు మాట తప్పని మనిషి, వారం తిరిగేసరికి అరలు మార్చేశాడు. ఉన్న కాసిని పెద్ద డిస్కులు అరిగి, గీతలు పడి, ఒకచోట ఆగితే కదలడం లేదు. కొత్తవి తెప్పించమంటే, “ఒక్కరి కోసం తెప్పిస్తే కంపెనీవాడు పంపడు అన్నయ్యా” అన్నాడు. అదీ నిజమే, వాణ్ణి అని లాభం లేదు.

మా ఇంట్లో సాదా పాలన ప్రశాంతంగా మొదలైంది. టీకా మచ్చలు పోయాయి. హీరోల గోళ్ళు ఎవరివి ఎలా ఉన్నాయో తెలియక మా ఆవిడ హాయిగా ఏడుస్తోంది. నేను కోరుకున్నవన్నీ జరిగాయి.

పేము కుర్చీ ఒక్కటే తిరిగింది. మొదట తెర ముందు నుంచి కిటికీ పక్కకు జరిగింది. గాలి కోసమేమో అనుకున్నాం. తర్వాత మెల్లగా సోఫా వైపు తిరిగింది. ఇప్పుడు అత్తయ్యకు తెర ఒక పక్కగా ఉంటుంది, మేము ఎదురుగా ఉంటాం. మేము నవ్విన తర్వాత ఆవిడ నవ్వుతారు. రెప్పపాటు ఆలస్యం, అంతే.

అది కనిపెట్టిన రోజున డిస్కు ఆపి, వెళ్ళి ఎదురుగా కూర్చుని, పెదవులు సరిగా కదిలిస్తూ అడిగాను, బొమ్మ సరిగా కనిపించడం లేదా అని.

“కనిపిస్తోంది బాబూ. రంగులు బాగున్నాయి. మూతులు మాత్రం కలిపేసినట్టున్నాయి” అన్నారు అత్తయ్య. నా మొహం చూసి, నొచ్చుకున్నాననుకుని, సర్దిచెప్పడానికి ఇంకో మాట కలిపారు. “ఫర్వాలేదులే. మీ మొహాలు చూస్తే ఎక్కడ నవ్వాలో తెలిసిపోతోంది.”

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య మీద కాదు. చల్లటి గొంతుతో సగటు కన్ను అన్న ఆ మనిషి మీద. తేడా తెలియని వాళ్ళనందరినీ వరసపెట్టి అడిగి, తేడా తెలిసే మనిషిని దాటిపోయి, తేడా ఎవరికీ తెలియదని చాటింపు వేయడం ఎంత తేలిక! చవక చేసింది డిస్కును అనుకున్నాను. వాళ్ళు చవక చేసింది మా కళ్ళని. ఆ ధర మేమే ఒప్పుకుని చప్పట్లు కొట్టాం.

అయినా నేను మాట మీద నిలబడే రచయితను. సగం స్పష్టతకు నా మద్దతు అలాగే ఉంది. మా ఇంట్లో కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం, అంతే. ఇప్పుడు సినిమా చూసేటప్పుడు లైటు ఆర్పడం లేదు, మా మొహాల మీద వెలుతురు పడాలి కదా. మా ఆవిడ తలనొప్పిగా ఉన్నా నవ్వే చోట నవ్వుతోంది. నేను భయపడాల్సిన చోట కళ్ళు పెద్దవి చేస్తున్నాను. మరీ ఎక్కువ నటిస్తున్నానని అత్తయ్య ఒకసారి మందలించారు కూడా. మీసం తీసేయమని సలహా ఇచ్చారు, తీసేశాను.

మొన్న మాత్రం గాడి తప్పింది. ఏదో చిన్న విషయానికి నాకూ మా ఆవిడకూ మాట పట్టింపు వచ్చింది. ఇద్దరం సోఫాకు రెండు చివర్లా మొహాలు ముడుచుకుని కూర్చున్నాం. ముందే తెచ్చిపెట్టుకున్న సినిమా, మామూలుగా నడిచిపోయింది. పెద్దాయన ఒకడు జబ్బు చేసినట్టు నటిస్తూ మంచమెక్కుతాడు. చుట్టూ చేరిన బంధువుల గుట్టు ఒక్కొక్కటీ పక్క మీద నుంచే లాగుతుంటాడు. మొదటి నుంచి చివరి దాకా కడుపు చెక్కలయ్యే హాస్యమని పెట్టె మీద రాసుంది. మేమిద్దరం ఒక్కసారి కూడా నవ్వలేదు.

సినిమా అయిపోయింది. అత్తయ్య లేవలేదు. మా ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూశారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

“పాపం, ఆ పెద్దాయన చివరికి బతికాడా బాబూ?” అని అడిగారు.

బతికాడని చెప్పాను. ఆయనకు అసలు జబ్బే లేదు.